క్రోనోగ్రాఫు: రంగుల డయలు గల పాత చేతి గడియారము

వేళను తెలుపు ముళ్లకు తోడుగా, కోరినప్పుడు కదలి, కోరినప్పుడు నిలిచి, మరల బొత్తాము నొక్కినంతనే బయలుదేరిన చోటికి వచ్చి చేరు వేరొక సెకండ్ల ముల్లును ధరించిన గడియారమునకు క్రోనోగ్రాఫు అని పేరు. సామాన్యమైన చేతి గడియారమునకు ప్రక్కన కీ ఇచ్చు బొడిపె ఒక్కటియే యుండగా, దీనికి ఆ బొడిపెకు పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు బొత్తాములు కలవు. పై బొత్తాము ముల్లును నడుపుటకును ఆపుటకును, క్రింది బొత్తాము దానిని శూన్యస్థానమునకు మరలించుటకును ఉపయోగించును. పెద్ద డయలు లోపల ఒకటి మొదలు మూడు వరకు చిన్న డయళ్లుండి, గడచిన నిమిషములను, కొన్నిటియందు గంటలను కూడ లెక్కించి చూపును. ఇచ్చట ముఖ్యముగా వివరింపబడునవి, బ్యాటరీ గడియారములు లోకమును ఆక్రమించుటకు ముందు, 1960 మొదలు 1980 వరకు గల రెండు దశాబ్దులలో స్విట్జర్లాండు, జపాను దేశములందు తయారై, పసుపు, నారింజ, నీలి, ఎరుపు వన్నెలతో వెలువడి, నేడు హైదరాబాదు వంటి నగరములలో అభిరుచి గలవారు వెదకి కొని ముంజేతికి ధరించుచున్న క్రోనోగ్రాఫులు.

ఈ యంత్రమునకు జన్మకారణములు రెండు: ఒకటి నక్షత్రము, రెండవది గుఱ్ఱము. పారిసు నగరమున లూయీ మొయినే అను గడియారపు శిల్పి 1816లో నక్షత్రముల గమనమును గుర్తించుటకై సెకండులో అరువదవ వంతును కొలువగల చిన్న యంత్రమును నిర్మించెను. అయిదేండ్ల తరువాత, 1821 సెప్టెంబరు 1వ తేదీన, అదే నగరమున షాన్ ద మార్స్ మైదానమందు జరిగిన గుఱ్ఱపు పందెములలో నికొలా రియసెక్ అనునతడు తాను నిర్మించిన వేరొక యంత్రమును ప్రయోగించెను. అందు తిరుగుచున్న డయలుపై, ఒక్కొక్క గుఱ్ఱము గమ్యమును దాటినప్పుడెల్ల, సన్నని మొనగల కలము ఒక సిరాచుక్కను వదలుచుండెను. పందెము ముగిసిన పిమ్మట ఆ చుక్కల మధ్యనున్న దూరమును చూచి ఏ గుఱ్ఱమునకు ఎంత కాలము పట్టినదో నిర్ణయించెడివారు.

హైదరాబాదు నగరమందలి సైదాబాదు వాసులకు ఈ రెండు కారణములును ఇరుగుపొరుగువంటివి. పందెముల విషయము చూడుడు. 1868లో మౌలాలీ యందు ఆరంభమైన గుఱ్ఱపు పందెములను 1886లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ మలక్‌పేటకు మార్పించెను. నేటి రేసుకోర్సు సైదాబాదునుండి నడచిపోదగిన దూరమునందే యున్నది. ఇక నక్షత్రముల విషయము. సైదాబాదునకు దక్షిణముననున్న ఫిసల్‌బండ యందలి తన జాగాలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఒక వేధశాలను నెలకొల్పి, గ్రబ్ సంస్థవారి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించెను. ఆయన 1907లో మరణింపగా, మరుసటి యేట నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని బేగంపేటకు తరలించినది; నిజామియా వేధశాల యను పేరుతో అది ఆకాశపటమును సిద్ధపరచు అంతర్జాతీయ ప్రణాళికలో పాల్గొని, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంక్రమించినది. గుఱ్ఱపు పందెము, నక్షత్రవేధ, ఈ రెంటికిని సెకండును ముక్కలుగా కోసి లెక్కించుట అవసరము; ఆ అవసరమే నేడు మన ముంజేతిపై రంగుల డయలుగా కనుపించుచున్నది.

కాలమును ఊరందరికి కనబడునట్లు నిలుపుటయందు హైదరాబాదు ఎన్నడును వెనుకబడియుండలేదు. చార్మినారు నాలుగు ముఖములందు 1889లో గడియారములు అమర్చబడినవి. మలక్‌పేట గుట్టమీద అస్మాన్‌గఢ్ భవనమును కట్టించిన సర్ అస్మాన్ జా తానే మహబూబ్ చౌక్‌లో 1892లో గడియార స్తంభమును నిలిపెను. సికింద్రాబాదు గడియార స్తంభము 1897 నాటిది. సాలార్‌జంగ్ మ్యూజియమునందు, గంట గంటకు ఒక చిన్న బొమ్మ తలుపు తెఱచికొని వచ్చి గంట కొట్టిపోవు కుక్ అండ్ కెల్వీ గడియారము ఎదుట పిల్లలు, పెద్దలు గుమిగూడి నిలుచుట నేటికిని ఆ మ్యూజియములో నిత్యకృత్యము. అయినను ఇవన్నియు వేళను మాత్రమే చెప్పునవి. మన పూర్వులు అడుగున రంధ్రముగల గిన్నెను నీటిపై విడిచి, అది మునుగుటను బట్టి 24 నిమిషముల ఘడియను, అందులో అరువదవ భాగమైన 24 సెకండ్ల విఘడియను గణించిరి. ఆ గిన్నె యందు వేళకన్న వ్యవధి ప్రధానము. ఆ దృష్టితో చూచినచో క్రోనోగ్రాఫు మన ఘటికాయంత్రమునకే ఎక్కువ దగ్గరి చుట్టము.

జేబు గడియారములనుండి ఈ యంత్రము ముంజేతికి దిగివచ్చుటకు దాదాపు శతాబ్దికాలము పట్టినది. లాంజీన్ సంస్థ 1913లో చేతి గడియారమునకు సరిపడు క్రోనోగ్రాఫు యంత్రమును నిర్మించెను. బ్రైట్‌లింగ్ సంస్థ 1915లో బొత్తామును కీ బొడిపెనుండి వేరుచేసి ప్రక్కన అమర్చి, 1934లో రెండవ బొత్తామును చేర్చెను. ఆనాటినుండి నేటివరకు బాహ్యరూపమునందు చెప్పుకొనదగినంత మార్పు లేదు.

లోపలి నిర్మాణమును గూర్చి కొంత తీరికగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ వాచీని ప్రేమించువారిలో సగముమంది వెనుక మూత తీసి చూచిన దినముననే ప్రేమలో పడినవారు. సెకండ్ల ముల్లు ఎచ్చటనున్నను, 7వ సెకండు దగ్గరనున్నను 52వ సెకండు దగ్గరనున్నను, క్రింది బొత్తామును నొక్కినంతనే ఒక్క క్షణములో తిన్నగా 12 అంకె క్రిందికి వచ్చి నిలుచుట ఎట్లు సాధ్యము? ముల్లు ఇరుసునకు హృదయాకారముగల చిన్న ఉక్కుబిళ్ల బిగింపబడియుండును. బొత్తామును నొక్కగా ఒక సుత్తి వచ్చి ఆ బిళ్ల అంచుపై పడును. అంచు వంపుగానుండుటచే సుత్తి ఒత్తిడికి బిళ్ల తనంతట తాను జారి తిరిగి, హృదయము నొక్కుగానున్న భాగము సుత్తి క్రిందికి వచ్చినంతనే ఆగిపోవును. ఆ నొక్కు ఒక్కటియే గనుక ముల్లు నిలుచు చోటును ఒక్కటియే. అడాల్ఫ్ నికోల్ అను స్విట్జర్లాండు శిల్పి 1844లో పేటెంటు పొందిన ఈ ఉపాయమును మించినది నేటివరకు యాంత్రిక గడియారములలో మరియొకటి రాలేదు. ముల్లును నడుపుటకును ఆపుటకును వేరొక ఏర్పాటు కలదు. శ్రేష్ఠమైన యంత్రములలో కోట బురుజులవలె నిలువు స్తంభములు గల చిన్న చక్రము ఒక్కొక్క నొక్కునకు ఒక్కొక్క పన్ను చొప్పున తిరుగుచు, మీటల కొనలను స్తంభముపై ఎక్కించుచు, సందులోనికి దింపుచు నుండును; చవుక యంత్రములలో ఆ పనిని ఒక రేకు బిళ్ల చేయును. స్తంభచక్రము గల వాచీ బొత్తాము మెత్తగా, ఒకే తీరున లోనికి పోవును. రేకుబిళ్ల గల వాచీలో బొటనవ్రేలికి మొదట మొండితనము, తరువాత ఠక్కున విడుదల తెలియును. కన్నులు మూసికొని బొత్తాము నొక్కి ఇది ఫలానా యంత్రమని చెప్పగల పనివారున్నారన్నచో అందు అతిశయోక్తి లేదు.

ఇట్టి యంత్రమునకు రంగులేల? అలంకారార్థమని తోచుట సహజము గాని, చరిత్ర వేరుగా నున్నది. ఒకే డయలుపై నాలుగైదు ముళ్లు, మూడు నాలుగు కొలబద్దలు చేరినప్పుడు ఏది దేనికి సంబంధించినదో కంటికి తటాలున తెలియుటకై రంగు పుట్టినది. 1930, 1940 దశాబ్దుల నాటి డయళ్లపైననే వేగమును తెలుపు కొలబద్ద ఎరుపునను, దూరమును తెలుపు కొలబద్ద నీలమునను అచ్చువేయబడుచుండెను. ఆ కొలబద్దలలో ప్రసిద్ధమైనది టాకీమీటరు. ఎల్.బి.నగర్ కూడలి దాటి హయత్‌నగర్ మీదుగా విజయవాడకు పోవు 65వ సంఖ్య జాతీయ రహదారిపై ప్రయాణించువాడు ఒక కిలోమీటరు రాయి కడ బొత్తామును నొక్కి, తరువాతి రాయి కడ మరల నొక్కినచో, ముల్లు 45వ సెకండు వద్ద నిలిచినయెడల దానికెదుట 80 అను అంకె కనుపించును. అనగా బండి గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదన్నమాట. 36 సెకండ్లయినచో 100. లెక్క యేమనగా, గంటలోని 3600 సెకండ్లను గడచిన సెకండ్లతో భాగించుటయే. రెండవది టెలీమీటరు: మెఱుపు కనబడగానే నొక్కి, ఉఱుము వినబడగానే ఆపినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడినదో తెలియును, ధ్వనికి కిలోమీటరునకు ఇంచుమించు 3 సెకండ్లు పట్టును. తొలకరి మేఘములు సరూర్‌నగర్ చెరువుపై క్రమ్ముకొన్న సాయంకాలమున మేడమీద నిలిచి దీనిని పరీక్షించుటకంటె పిల్లలకు భౌతికశాస్త్రపాఠము మరియొకటి అక్కరలేదు.

మూడవది వైద్యులకై ఏర్పడినది. 30 నాడీస్పందనములు లెక్కించి ముల్లును ఆపినచో, నిమిషమునకు నాడి ఎంతయో డయలే చెప్పును. 15 సెకండ్లలో 30 కొట్టినచో 120. కొన్ని డయళ్లపై దీని ప్రక్కనే ఉచ్ఛ్వాసనిశ్శ్వాసములను లెక్కించు కొలబద్దయు నుండును. హైదరాబాదు చదువరికి ఇచ్చట ఒక విషయము స్మరణకు రాకపోదు. 1888, 1889 సంవత్సరములలో ఈ నగరముననే నిజాము ప్రభుత్వము వారి ప్రోత్సాహముతో రెండు క్లోరోఫారము కమిషనులు జరిగినవి. వాటిని నడపిన రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ, మత్తు ఇచ్చునప్పుడు వైద్యుడు చూడవలసినది నాడిని గాదు, శ్వాసనే యని గట్టిగా వాదించెను. నాడియా, శ్వాసయా అను ఆ వివాదమునకు సంబంధించిన రెండు కొలతలును తరువాతి కాలమున ఒకే డయలుపై ప్రక్కప్రక్కన చోటు సంపాదించుకొన్నవి.

నిమిషములను చూపు చిన్న డయలుపై 3, 6, 9 సంఖ్యల వద్ద మాత్రము గీతలు పొడవుగా నుండుటను కొన్ని పాత వాచీలలో చూడవచ్చును. దూరపు టెలిఫోను సంభాషణలకు మూడేసి నిమిషముల లెక్కన రుసుము కట్టిన కాలపు చిహ్నములవి. ట్రంకుకాల్ బుక్ చేసి గంటలకొలది కాచుకొని, మూడు నిమిషములలో పెండ్లిమాటలు ముగించిన తరమువారికి ఆ గీతల విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పడవ పందెముల వాచీలలో రంగు మరింత స్పష్టముగా పనిముట్టైనది: హోయర్ సంస్థ 1968లో వెలువరించిన స్కిప్పర్ అను వాచీలో 15 నిమిషముల చిన్న డయలును అయిదేసి నిమిషముల మూడు భాగములుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క రంగు వేసిరి. ఊగుచున్న పడవలో అంకెలు చదువు తీరిక ఉండదు. ముల్లు ఏ రంగుపై నున్నదో చూచిన చాలును.

1960 తరువాత ఈ ఉపయోగమునకు ఉల్లాసము తోడైనది. కారు పందెముల ఉత్సాహము, క్రొత్త ప్లాస్టిక్కులు, గాఢమైన చాయలపై ఆ కాలపు మోజు కలిసి, గడియారపు డయలును తెలుపు నలుపుల నుండి విడిపించినవి. హోయర్ వారి కరేరా 1963లో వచ్చినది. 1969వ సంవత్సరము ఈ చరిత్రలో మరువరానిది: మణికట్టు కదలికతో తనంతట తాను కీ ఎక్కు ఆటోమేటిక్ క్రోనోగ్రాఫును నిర్మించుటకు మూడు పక్షములు పోటీపడి మూడును ఆ యేడే గెలిచినవి. జనవరి 10న జెనిత్ సంస్థ గంటకు 36,000 స్పందనములు గల ఎల్ ప్రిమెరో యంత్రమును ప్రకటించెను. మార్చి 3న హోయర్, బ్రైట్‌లింగ్, హామిల్టన్ మున్నగువారు కలిసి తమ యంత్రమును చూపిరి. మే నెలలో జపానున సీకో వారి 6139 యంత్రము అంగడికి వచ్చినది. నలుచదరపు పెట్టెలో నీలి డయలుతో వచ్చిన హోయర్ మొనాకో, 1971 నాటి లె మాన్ చలనచిత్రమున స్టీవ్ మెక్వీన్ ధరించుటచే లోకప్రసిద్ధి గన్నది.

ఈ మూటిలో మనకు మిక్కిలి సన్నిహితమైనది సీకో. పసుపు డయలు గల 6139ను చేతిలోనికి తీసికొని చూచినవారు మొదట గమనించునది ఆ పసుపు ఒకే పసుపు గాకపోవుట: నీడలో పండిన పసుపుకొమ్మవలె మందముగానున్నది, ఎండలోనికి వచ్చినంతనే లోపలినుండి కిరణములు చిమ్ముచు బంగారు వన్నెకు తిరుగును. డయలు చుట్టు నీలము ఎరుపు పంచుకొన్న వేగపు కొలబద్ద. దాని లోపల బొడిపెతో త్రిప్పదగిన సన్నని ఉంగరము. 6 అంకెకు పైన 30 నిమిషములు చూపు ఒక్కటే చిన్న డయలు. 3 అంకె వద్ద తేదీ, వారము. చిన్న డయలుపై వృత్తములో వృత్తముగా సన్నని గాడులుండి, చేయి కదలినప్పుడు వాటిపై వెలుతురు విసనకఱ్ఱవలె తిరుగును. పై బొత్తామును నొక్కినప్పుడు సెకండ్ల ముల్లు ఉలికిపడక మృదువుగా బయలుదేరును. పళ్లచక్రములు ప్రక్కనుండి వచ్చి తగులుకొను పాత పద్ధతిలో ముల్లు బయలుదేరునప్పుడు ఒక చిన్న కుదుపు కలుగుట కద్దు. సీకోలో చక్రములు నిలువున ఒకదానిపై నొకటి ఒత్తుకొని కదలుటచే ఆ కుదుపు లేదు.

ఈ పసుపు వాచీయే అంతరిక్షమునకు పోయిన మొదటి ఆటోమేటిక్ క్రోనోగ్రాఫు. అమెరికా వ్యోమగామి విలియం పోగ్, 1973 నవంబరు 16న బయలుదేరి స్కైలాబ్ కేంద్రమున 84 దినములు గడపినప్పుడు, అమెరికా అంతరిక్షసంస్థవారిచ్చిన వాచీతోపాటు తాను శిక్షణకాలమున అలవాటుపడిన ఈ వాచీని కూడ వెంట గొనిపోయెను. సేకర్తలు నేటికిని దీనిని పోగ్ అనియే పిలుతురు. ఆ స్కైలాబ్ పేరు తెలుగు పల్లెలకు తెలిసిన తీరు వేరు: 1979 జులైలో అది తమ నెత్తిన పడునను భయముతో తెలంగాణము నందలి గ్రామములలో జనులు కోళ్లను మేకలను కోసికొని తిని, అప్పులిచ్చినవారు తీసికొన్నవారు ఒకరినొకరు క్షమించుకొన్న కథలను పెద్దలు ఇప్పటికిని చెప్పుదురు. జులై 11న అది హిందూమహాసముద్రమునను పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడినది. అంతకు అయిదేండ్ల క్రిందటనే పసుపు వాచీ క్షేమముగా భూమికి దిగివచ్చియుండెను.

తెలుగువారి ఇండ్లలో వాచీకి గౌరవస్థానము ఏనాడో ఏర్పడినది. పెండ్లిలో అల్లునికి వాచీ, సైకిలు, రేడియో పెట్టుట ఒక తరము మర్యాద. ఆ వాచీ స్విట్జర్లాండు నుండి వచ్చిన ఫావర్ ల్యూబా గాని, వెస్టెండు గాని అయినచో వియ్యాలవారిలో పేరు. 1961లో జపాను సిటిజన్ సంస్థ సహాయముతో బెంగుళూరున హెచ్.ఎం.టి. వాచీల తయారీ ఆరంభమైన పిదప సామాన్యునికి కూడ చేతి గడియారము అందుబాటులోనికి వచ్చెను. హైదరాబాదుననే 1942లో స్థాపితమై, శీతలయంత్రములకు బస్సులకు పేరుపొందిన ఆల్విన్ సంస్థ, 1980 దశాబ్దిలో సీకో వారి సహకారముతో వాచీలను కూడ తయారు చేసినది. అయితే ఇవి నిత్యోపయోగమునకై చేసిన సాదా వాచీలు. సాదా వాచీకన్న అనేక భాగములు అధికముగా గల క్రోనోగ్రాఫు, దిగుమతి ఆంక్షల కాలమున మధ్యతరగతివానికి దుర్లభమై, పందెముల నిర్వాహకులకు, విమానచోదకులకు, కొందరు వైద్యులకు, సంపన్నులకు పరిమితమైయుండెను. 1970 తరువాత హైదరాబాదునుండి గల్ఫు దేశములకు పనికై వెళ్లిన వేలాదిమంది సెలవులకు తిరిగివచ్చునప్పుడు సీకో, సిటిజన్, రికో వాచీలను వెంట తెచ్చుట ఆనవాయితీ కాగా, జపాను వాచీ పాతబస్తీలోను, దానికి ఆనుకొనియున్న తూర్పు బస్తీలలోను ఇంటింటి వస్తువైనది. రంగుల క్రోనోగ్రాఫు మన వీథులలోనికి వచ్చిన ముఖ్యద్వారము అదియే యని మా అభిప్రాయము.

ద్వారము తెఱచుకొన్న కాలముననే యాంత్రిక గడియారమునకు గడ్డుకాలము దాపురించినది. 1969 డిసెంబరు 25న సీకో వారే వెలువరించిన ఆస్ట్రన్ అను, బ్యాటరీతో నడచు క్వార్ట్‌జ్ వాచీ, పిదప పదియేండ్లలో స్విట్జర్లాండు పరిశ్రమను కూలదోయునంత పని చేసినది. ఎల్ ప్రిమెరో పనిముట్లను తుక్కుక్రింద అమ్మివేయవలసినదని యాజమాన్యము ఆజ్ఞాపింపగా, షార్ల్ వెర్మో అను పనివాడు వాటిని రహస్యముగా కర్మాగారపు అటకమీదికి చేర్చి, ఒక్కొక్కదానికి పేరు వ్రాసి దాచిపెట్టెను. ఆ దాచినవే తరువాతి దశాబ్దిలో ఆ యంత్రము మరల తయారగుటకు ఆధారమైనవి. ఈ కళ యందు ఏ శిల్పికిని తీసిపోని గౌరవమునకు అర్హుడని ఆయనను గూర్చి నిస్సందేహముగా చెప్పవచ్చును. ఒకనాడు కొట్లలో అమ్ముడుపోక పడియుండిన రంగుల డయళ్లే నేడు అపురూపములైనవి: నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్కున జరిగిన వేలములో 1,77,52,500 డాలర్లు పలికినది. అట్టి ధరలు వార్తలకు మాత్రమే. సీకో, సిటిజన్, ప్రసిద్ధి తక్కువైన స్విస్ పేర్లు గల వాచీలు నేటికిని నెలజీతగానికి అందనివి కావు.

పాత వాచీ ధరించుటలోని ఆకర్షణ యేమని పలువురు ప్రశ్నింతురు. వేళ తెలియుటకు చేతిలో ఫోను చాలును గదా! సమాధానము మొదట కంటికి సంబంధించినది. అయిదు దశాబ్దుల వెలుతురు తగిలి, ఒకే దినమున ఒకే బల్లపై తయారైన రెండు డయళ్లు నేడు రెండు వేరు చాయలతో నుండును. నలుపు కొన్నిట కాఫీగింజ రంగునకు తిరుగును, నీలము ఊదాకు ఒరగును, చీకటిలో వెలుగుటకై ముళ్లకు పూసిన ట్రీషియం పూత మీగడవన్నెకు మారును. ట్రీషియమునకు అర్ధాయువు 12.3 సంవత్సరములే గనుక ఆ పూత వెలుగు ఏనాడో ఆరిపోయినది, వన్నె మాత్రము నిలిచినది. రెండవది వ్రేలికి సంబంధించినది. ఫోనులోని కాలమాపకము గాజుపలకపై ఒక బొమ్మ; క్రోనోగ్రాఫు బొత్తాము నొక్కినప్పుడు మీట కదలుట, చక్రము పట్టుకొనుట, సుత్తి పడుట వ్రేలికి తెలియును, చెవికి వినబడును. మూడవది, దీనితో పని ఉండుట: పెసరట్టునకు పెసలు నాను కాలమునకు అక్కరలేకపోవచ్చును గాని, గ్రుడ్డు ఉడుకుటకు, తేనీరు దిగుటకు, వ్యాయామశాలలో విరామమునకు, పరీక్షకు చదువు బిడ్డ ఒక లెక్క చేయుటకు పట్టు కాలమునకు దీనిని వాడువాడు దినమున పదిసార్లు దానిని పలుకరించును. అలమారలో పెట్టి తాళము వేసినవానికి వస్తువు మిగులును గాని సాహచర్యము దక్కదు. కావున ఈ వాచీని ధరింపవలసినదే యని మా దృఢమైన మతము.

ఇక కొనుగోలు విషయము. హైదరాబాదున పాత వస్తువులకు ప్రసిద్ధమైనవి గురువారము నాటి జుమ్మేరాత్ బజారు, ఆదివారము నాటి ఎఱ్ఱగడ్డ సంత, మహబూబ్ చౌక్ పరిసరములు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కోఠీ వీథులలో అద్దాల పెట్టె ముందు పెట్టుకొని, కంటికి భూతద్దము బిగించి, పట్టకారుతో పనిచేయు వాచీ రిపేరు పనివారు ఇంకను కలరు. వారిలో క్రోనోగ్రాఫును విప్పి, పెట్రోలులో కడిగి, మరల కూర్చగలవారు అరుదు. అట్టివానిని కనుగొనిన పిదపనే వాచీ కొనుట మేలు.

అన్నిటికంటె పెద్ద అపాయము రంగునందే యున్నది. మాసిన డయలును గీకి, క్రొత్తరంగు పూసి, అక్షరములు తిరిగి అచ్చువేసి అమ్ము వ్యాపారము మన దేశమున విరివిగా సాగుచున్నది. విదేశపు సేకర్తలు ఇట్టి వాచీలకు ముంబై స్పెషల్ అని పేరు పెట్టుట మన పనివారి నేర్పునకు తగిన కీర్తి కాదు. గుర్తించుట కష్టము కాదు. అసలు డయలుపై అక్షరము సన్నగా, అంచులు కోసినట్లు తీర్చియుండును. మార్చినదానిపై అక్షరము లావై, భూతద్దము క్రింద అంచులు ప్రాకియుండును. నిమిషపు గీతలు గంట గుర్తులకు నడిమధ్యకు రాక ప్రక్కకు ఒరుగును. చిన్న డయళ్లలోని సన్నని గాడులు రంగుతో పూడిపోయి వెలుతురు ఆడదు. సంస్థ ఎన్నడును చేయని గులాబీ, చిలుకపచ్చ చాయలు కనుపించును. సీకో వాచీలలో వెనుక మూతపైనున్న సంఖ్యలో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకెను, రెండవది నెలను సూచించును గనుక డయలు, పెట్టె, యంత్రము ఒకే కాలమునకు చెందినవో కాదో సరిచూచుకొనవచ్చును. మూడు వాచీల భాగములతో కుట్టిన అతుకులబొంతకు అసలు ధర చెల్లింపరాదు.

ధరించువారు పాటింపవలసినవి కొన్నియే. ముల్లు నడచుచుండగా క్రింది బొత్తామును నొక్కరాదు. ముందు ఆపి, తరువాతనే మరలింపవలెను. నీటిలో బొత్తాముల జోలికి పోరాదు. డయలుపై నీటినుండి రక్షణ గలదని వ్రాసియున్నను, యాభై యేండ్లనాటి రబ్బరు వలయమును నమ్మరాదు. మన వేసవి చెమట తోలుపట్టీని, వానకాలపు చెమ్మ డయలును పాడుచేయును గనుక, ధరింపని దినములలో పొడి డబ్బాలో నుంచుట మంచిది. 1960కి ముందు నాటి వాచీలలో వెలుగు పూత రేడియము కావచ్చును. దాని అర్ధాయువు 1,600 సంవత్సరములు గనుక అట్టివాటిని ఇంటిలో విప్పి గీకుట ప్రమాదకరము. చట్టమును గూర్చి సందేహించువారికి ఒక మాట: 1972 నాటి పురావస్తువుల చట్టము సాధారణముగా నూరేండ్లు దాటిన వస్తువులకు వర్తించును, ఈ కాలపు వాచీల క్రయవిక్రయములకు దాని అడ్డు లేదు.

సైదాబాదులో గాని, చంపాపేటలో గాని, మరెచ్చట గాని, తాతగారి పెట్టెలోనో గల్ఫునుండి వచ్చిన మామయ్య సూటుకేసులోనో రెండు బొత్తాముల పాత వాచీ దొరికిన చదువరులకు మనవి: బలవంతముగా కీ త్రిప్పవలదు, బొత్తాములు నొక్కి చూడవలదు, ముందు డయలునకును వెనుక మూతకును ఛాయాచిత్రములు తీయుడు, పిదప తెలిసిన పనివానికి ఇచ్చి, యంత్రమును కడిగి నూనె వేయుమని చెప్పుడు, డయలు ఎంత మాసియున్నను దానికి రంగు వేయవలదని రసీదుమీద వ్రాయించుకొనుడు.